షడ్రుచుల లెక్క

హైదరాబాదు నగరమునకు వాయవ్యమున నిజాంపేట కలదు. ఒకప్పటి పల్లె, నేడు హైటెక్ సిటీలో కొలువు చేయువారి ఇండ్లతో నిండినది. సాయంకాలమైనచో అచ్చటి బాలురు శాతములు, సంభావ్యత, గ్రాఫులు అను మూడింటితో కుస్తీ పట్టుచుందురు. 'ఇది పాశ్చాత్యుల గణితము, మనకేమి తెలియును?' అని పెద్దలు కొందరు తప్పించుకొందురు. ఆ మాట సగమే నిజము.

క్రీ. శ. 9వ శతాబ్దమున, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున 'గణితసారసంగ్రహము' రచించెను. 11వ శతాబ్దివాడుగా ప్రసిద్ధుడైన పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మూలగ్రంథమందలి మిశ్రక వ్యవహారమున నూటికి నెలకింత అని వడ్డి కట్టు లెక్కలున్నవి. మన శాతములవియే. ఆ ప్రకరణముననే వేరొక ప్రశ్న: ఆరు రుచులను ఎన్ని విధముల కలుపవచ్చును?

రెండేసి రుచులను తీసికొందము. మొదటిదానికి ఆరు, రెండవదానికి ఐదు అవకాశములు, వెరసి 30. కాని పులుపుతో తీపి యన్నను, తీపితో పులుపన్నను ఒక్కటియే గదా! కావున సగము, 15. ఇట్లే ఒక్కొక్కటిగా 6, మూడేసి 20, నాలుగేసి 15, ఐదేసి 6, ఆరును కలిసినది 1. మొత్తము 63. ఆ కడపటి ఒక్కటియే మన ఉగాది పచ్చడి.

ఈ ఆరు సంఖ్యలను వరుసగా నిలువు గీతలుగా గీసినచో, మూడవదానివరకు ఎక్కి పిమ్మట దిగు కొండవంటి గ్రాఫు కనబడును. 63 చీటీలు వ్రాసి ఒకటి తీసినచో, మూడు రుచుల చీటీ వచ్చు సంభావ్యత 63లో 20. అనగా నూటికి సుమారు 32.

మహావీరుడు విధములను లెక్కించెను. అట్టి లెక్కను అదృష్టమునకు కొలతగా మలచిన ఘనత 1654లో లేఖలు వ్రాసికొన్న పాస్కల్, ఫెర్మాలది. ఆ శాస్త్రమునే పెంచిన సంఖ్యాశాస్త్రమున మన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945 నాటి వ్యాసముతో ప్రపంచఖ్యాతి గడించెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన ఆయన 2023లో కీర్తిశేషుడయ్యెను. ఆయన పేరిటి గణిత సంస్థ హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణముననే, గచ్చిబౌలిలో కలదు.

విద్య ఒక జాతి సొత్తు కాదు. చేతులు మారుచు పెరుగును. బాలునిచే సూత్రము వల్లె వేయించుటకు ముందు, వంటింటిలోని ఆరు రుచులను వాని ముందుంచి లెక్కింపనిండు. సగము చేయుట ఎందులకో వానికి తోచిననాడు, ఆ సూత్రము వానిదే యగును.