అశ్వాపురం భారజల కర్మాగారం: అత్యవసర ప్రణాళికలు, కసరత్తులు – చారిత్రక పరిశీలన

తెలుగు నేలపై అణువిద్యుత్ కేంద్రం ఏదీ నేటికీ పనిచేయడం లేదు. అయినా అణుశక్తి విభాగపు అత్యవసర ప్రణాళికలకు ఇక్కడ మూడు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఖమ్మం నుండి ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా గోదావరి వైపు సాగే దారిలో, అశ్వాపురం వద్ద, మణుగూరు భారజల కర్మాగారం 1991లో ప్రారంభమైంది. అయితే ఇక్కడ భయపడవలసింది రేడియోధార్మికతకు కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకు. ‘అణు’ అన్న మాట చూసి చెర్నోబిల్‌ను ఊహించుకునేవారు ఈ తేడాను విస్మరిస్తారు.

సహజ జలంలో ప్రతి పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు డ్యుటీరియం పరమాణువులు సుమారు 150 మాత్రమే. నీటిని, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఎత్తైన స్తంభాలలో రెండు వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కలిపి డ్యుటీరియాన్ని క్రమంగా సాంద్రీకరిస్తారు. రాజస్థాన్‌లోని కోట కర్మాగారానిదీ ఇదే పద్ధతి. ఈ వాయువు గాలికంటే బరువైనది. పల్లపు నేలల్లో పేరుకుంటుంది. అత్యల్ప మోతాదులోనే కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది గాని, పది లక్షలకు 100 పాళ్ళ స్థాయిలో ముక్కు మొద్దుబారుతుంది. వాసన తగ్గిందన్న ఊరటే అప్పుడు ప్రాణాంతకం కావచ్చు.

అత్యవసర ప్రణాళికకు చట్టబద్ధత భోపాల్ దుర్ఘటన (1984) తరువాతనే బలపడింది. 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించారు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు బాధ్యతను రెండుగా విభజించాయి. ఆవరణ లోపలి ప్రణాళిక యాజమాన్యానిది; దాని కసరత్తు ఆరునెలలకొకసారి జరగాలి. ఆవరణ వెలుపలి ప్రణాళిక జిల్లా అధికార యంత్రాంగానిది. దాని కసరత్తు ఏడాదికి ఒకసారైనా జరగాలి. ప్రజల ప్రాణాలు ఆధారపడిన రెండవదానికే తక్కువ అభ్యాసం విధించడం గమనార్హం.

నిర్ణయ సహాయక సాధనాల చరిత్ర మరొక దారిలో నడిచింది. చెర్నోబిల్ (1986) అనంతరం ఐరోపాలో ‘రోడోస్’ వ్యవస్థ రూపొందింది. భారతదేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం ‘ఐరోడోస్’ను, కల్పాక్కంలోని ఇందిరాగాంధీ కేంద్రం ‘ఓనర్స్’ను అభివృద్ధి చేశాయి. వాతావరణ అంచనాను, వెలువడిన పదార్థపు పరిమాణాన్ని జోడించి, ఏ గ్రామానికి ఎంత మోతాదు చేరవచ్చో ఇవి లెక్కగడతాయి. ఇంట్లో ఉండాలా, అయోడిన్ మాత్రలు పంచాలా, ఊరు ఖాళీ చేయించాలా అన్నది అధికారులు ఆ లెక్కను బట్టి నిర్ణయిస్తారు. రియాక్టరు ప్రమాదంలో అందుకు కొన్ని గంటలు దొరకవచ్చు. విషవాయువు విషయంలో దొరికేవి నిమిషాలే. అయోడిన్ మాత్రకు అక్కడ పనే లేదు. కాబట్టి గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, వాయు సంవేదకాలు, సైరన్, ముందే సిద్ధం చేసుకున్న పట్టికలు, ఇవే అసలు సాధనాలు. ఆ పట్టికలకు మూలమైన వ్యాప్తి సూత్రాలు ప్రధానంగా సమతల భూమిని ఊహించి కట్టినవి. నదీలోయ, అడవి, నిశ్చలమైన శీతాకాలపు రాత్రి ఆ ఊహకు లోబడవు.

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో అశ్వాపురం, జూలూరుపాడు రెండూ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరాయి. వెలుపలి ప్రణాళికకు సారథి అయిన కలెక్టరు కార్యాలయం ఖమ్మం నుండి కొత్తగూడేనికి, అంటే కర్మాగారానికి బాగా చేరువకు వచ్చింది. ఈ మార్పు ఏ సాంకేతిక సాధనానికీ తీసిపోదు. జూలూరుపాడు కర్మాగారానికి దూరమే గాని, ఖమ్మం వైపు నుండి అంబులెన్సులు, అదనపు సిబ్బంది రావలసిన దారుల్లో అదొకటి.

కసరత్తు ప్రధానంగా పరీక్షించేది అధికారుల మధ్య సమాచార మార్పిడిని. తొలి పది నిమిషాల్లో నిర్ణయం తీసుకోవలసినవారు మాత్రం పొలంలో ఉన్న రైతు, గూడెంలోని కోయ కుటుంబం. గాలికి అడ్డంగా నడవాలన్న సూచన వారికి కోయభాషలోనూ చేరాలి. గోదావరి సంగతి మరొకటి: భద్రాచలం వద్ద నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అటువంటి రోజున సైరన్ మోగితే, గాలికి అడ్డంగా వెళ్ళే దారి నీటిలో ఉండవచ్చు. వరద ప్రణాళికను, వాయు ప్రమాద ప్రణాళికను వేర్వేరు దస్త్రాలుగా చూసే పద్ధతిలో ఈ సందర్భానికి చోటు లేదు.