మార్కులు లేని ప్రశ్నలు.. మర్మమేమిటి?

ఎంబీబీఎస్ పూర్తిచేసి అమెరికాలో ఉన్నత వైద్యవిద్య అభ్యసించదలచిన మన విద్యార్థులు అక్కడి వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ రాయాల్సి ఉంటుంది. ఇందులో కొన్ని ప్రశ్నలకు సరైన సమాధానం గుర్తించినా మార్కు కలవదు, తప్పు గుర్తించినా తగ్గదు. ఇవి ప్రయోగాత్మక ప్రశ్నలు. మిగిలిన వాటిలో కలిసిపోయి ఉంటాయి కనుక ఏవి అవో అభ్యర్థికి తెలియదు. వీటి సంగతి ఎరుగనివారు ఒక వింత ప్రశ్న ఎదురైతే దానివద్దే ఆగిపోయి, రావలసిన మార్కులనూ పోగొట్టుకునే ప్రమాదముంది.

ఎందుకు పెడతారు?

ఈ పరీక్షను అందరూ ఒకే రోజు రాయరు. వేర్వేరు తేదీల్లో, వేర్వేరు ప్రశ్నపత్రాలతో కంప్యూటర్‌పై నిర్వహిస్తారు. ఒకరికి కఠినమైన పత్రం, మరొకరికి సులువైన పత్రం వస్తే అన్యాయం జరుగుతుంది. ఆ తేడాను లెక్కగట్టి సరిచేయాలంటే ప్రతి ప్రశ్న ఎంత కఠినమో ముందే తెలిసి ఉండాలి. ఇందుకు నిపుణుల అంచనా ఒక్కటే చాలదు. అసలు పరీక్షలో, అసలు అభ్యర్థులతోనే పరీక్షించి చూడాలి. ప్రయోగమని ముందే చెబితే ఎవరూ శ్రద్ధ పెట్టరు కనుక గోప్యత పాటిస్తారు.

ఎలా తూస్తారు?

ప్రధానంగా రెండు అంశాలు చూస్తారు. మొదటిది, ఎందరు సరిగా గుర్తించారన్నది. దాదాపు అందరూ సరిగా గుర్తించిన ప్రశ్న ప్రతిభను వేరుచేయలేదు. రెండోది, ఎవరు సరిగా గుర్తించారన్నది. మొత్తం పరీక్షలో ముందున్నవారు తప్పి, వెనుకబడినవారు సరిగా గుర్తిస్తే లోపం ప్రశ్నలోనే ఉండవచ్చు. భాష అస్పష్టంగా ఉండటం, రెండు సమాధానాలు సరిపోవడం, ‘కీ’ తప్పు కావడం వంటివి ఇలా బయటపడతాయి. అటువంటి వాటిని సవరిస్తారు లేదా తొలగిస్తారు. నెగ్గిన ప్రశ్నలను తర్వాతి పరీక్షల్లో మార్కులకు వాడతారు.

నీట్ అనుభవం

మన నీట్ యూజీలో మార్కులు లేని ప్రశ్నలు ఉండవు. సరైన జవాబుకు 4 మార్కులు కలుస్తాయి, తప్పుకు 1 పోతుంది. ప్రశ్నలో తిరకాసు ఉంటే పరీక్ష ముగిశాకే తెలుస్తుంది. 2024లో ఒక భౌతికశాస్త్ర ప్రశ్నకు రెండు జవాబులను అంగీకరించడం వివాదమై సుప్రీంకోర్టుకు చేరింది. ఒక్కటే సరైనదని ఐఐటీ ఢిల్లీ నిపుణులు తేల్చడంతో ఫలితాలను సవరించారు. దీంతో 4 లక్షలకు పైగా అభ్యర్థులకు 5 మార్కుల చొప్పున తగ్గాయి.

అభ్యర్థులు ఏం చేయాలి?

యూఎస్‌ఎంఎల్‌ఈ తొలి దశలో ప్రశ్నలు 280కి మించవు. 2022 జనవరి 26 నుంచి ఈ దశకు స్కోరు ఇవ్వకుండా ఉత్తీర్ణత మాత్రమే ప్రకటిస్తున్నారు. తప్పు జవాబుకు కోత లేదు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలరాదు. ప్రయోగాత్మకమైనది ఏదో ఊహించి వదిలేయడం అంతకన్నా పెద్ద పొరపాటు. అంతుచిక్కని ప్రశ్నకు తోచిన జవాబు గుర్తించి ముందుకు సాగాలి. అది అసలు లెక్కలోకే రాకపోవచ్చు. దానిపై వెచ్చించిన సమయం మాత్రం తిరిగి రాదు.