ఆటల ద్వారా వ్యూహబోధన

ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు పరుగులు తీసే ఆటల్లోనే పరిస్థితిని గమనించి తగిన నిర్ణయం తీసుకోవడం నేర్పే వ్యాయామ విద్యా పద్ధతిని ఆటల ద్వారా వ్యూహబోధన అంటారు. ఎదుటివారి కదలికను ముందే పసిగట్టడం, ఖాళీ స్థలాన్ని వాడుకోవడం, తోటి ఆటగాళ్లతో సమన్వయం కుదుర్చుకోవడం ఇక్కడ వ్యూహంలోని ప్రధానాంశాలు.

సిద్ధాంతం

నైపుణ్యాలను విడివిడిగా సాధన చేయించి, ఆ తరువాతే ఆట ఆడించే పద్ధతిలో పిల్లలకు కదలికలు పట్టుబడినా, వాటిని ఎప్పుడు, ఎందుకు వాడాలో తెలియడం లేదని ఇంగ్లండ్‌లోని లఫ్బరోకు చెందిన డేవిడ్ బంకర్, రాడ్ థోర్ప్ గుర్తించి, 1982లో ‘అవగాహన కోసం ఆటల బోధన’ అనదగిన నమూనాను ప్రతిపాదించారు. ఇందులో పిల్లలు మొదట తమ వయసుకు తగినట్లు సరళం చేసిన ఆట ఆడి, అందులో ఎదురైన చిక్కు వల్ల ఎత్తుగడ అవసరాన్ని గ్రహించి, ఏం చేయాలో, ఎలా చేయాలో నిర్ణయించుకున్నాక, అందుకు కావలసిన నైపుణ్యాన్ని సాధన చేస్తారు.

ఖో-ఖోలో అన్వయం

ఈ బోధనకు ఖో-ఖో ఎంతో అనువైన ఆట. తరిమే జట్టులో ఎనిమిది మంది నడిమి బాట వెంట ఒకరు ఒకవైపు, పక్కవారు మరోవైపు ముఖం పెట్టి కూర్చోగా, తొమ్మిదో ఆటగాడు ఛేజర్‌గా ప్రత్యర్థులను తరుముతాడు. పరిగెత్తేవారు కూర్చున్నవారి మధ్య నుంచి అటూ ఇటూ దాటవచ్చు గాని, ఛేజర్ అలా దాటకూడదు. ఒక దిక్కుకు సాగాక బాట చివరనున్న స్తంభం చేరేవరకు వెనుదిరగనూ కూడదు. అందువల్ల ప్రత్యర్థి అవతలికి తప్పించుకున్నప్పుడు, ఆ వైపు ముఖం పెట్టి కూర్చున్న సహచరుణ్ణి వెనుక నుంచి తాకి ‘ఖో’ ఇచ్చి, తరిమే పనిని అతనికి అప్పగించడం ఛేజర్‌కు ముఖ్యమైన మార్గమవుతుంది. ఎవరికి, ఏ క్షణాన ఖో ఇవ్వాలన్నది పరుగు మధ్యలోనే తేల్చుకోవలసిన నిర్ణయం కనుక, వేగంతో పాటు ఆలోచన కూడా ఆటలో తప్పనిసరి అవుతుంది. చిన్న తరగతుల్లో కూర్చునేవారి సంఖ్యను, మైదానం పొడవును తగ్గించి, ఒక్కరినే తరిమిస్తే ఈ నిర్ణయం పిల్లలకు స్పష్టంగా బోధపడుతుంది.

ఉపాధ్యాయుని పాత్ర

ఉపాధ్యాయుడు ఎత్తుగడను ముందుగా చెప్పేయకుండా, ఆటను కాసేపు ఆపి, “ప్రత్యర్థి ఏ వైపు తిరుగుతాడో మీకు ముందే ఎలా తెలుస్తుంది?” వంటి ప్రశ్న వేసి, పిల్లలు చెప్పిన ఉపాయాన్ని వెంటనే ఆటలో పరీక్షింపజేయాలి. ఔటైనవారిని చివరిదాకా పక్కన కూర్చోబెడితే, అభ్యాసం ఎక్కువ అవసరమైన పిల్లలకే అది తక్కువగా దొరుకుతుంది. అందుచేత వారిని త్వరగా తిరిగి ఆటలోకి తీసుకునే నియమం అవసరం. మూల్యాంకనంలో సైతం గెలుపోటములకన్నా, పిల్లవాడు తీసుకున్న నిర్ణయానికి కారణం చెప్పగలుగుతున్నాడా, పరిస్థితి మారినప్పుడు దాన్ని మార్చుకోగలుగుతున్నాడా అన్నదే ప్రధాన ప్రమాణం కావాలి.