పిల్లులలో ఆత్రపు తిండి

ఆత్రపు తిండి అనగా పెంపుడు పిల్లి తన ఆహారాన్ని సరిగా నమలకుండా గబగబా మింగివేయడం. ఇలా తిన్న పిల్లి తరచుగా కొద్ది నిమిషాలలోనే, అరగని ఆహారాన్ని తిన్నది తిన్నట్టుగా కక్కివేస్తుంది.

కారణాలు

పిల్లి పొట్ట చిన్నది. సహజంగా అది ఎలుకల వంటి చిన్న జీవులను వేటాడి, రోజుకు పలుమార్లు కొద్దికొద్దిగా తింటుంది. ఇళ్ళలో ఒకటి రెండు పూటలే పెట్టడం, ఇతర పిల్లులతో పోటీ, పిల్లగా ఉన్నప్పుడు ఆకలితో గడపడం ఆత్రానికి కారణాలు కావచ్చు. మధుమేహము, ముసలి పిల్లులలో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడము కూడా ఆకలిని పెంచుతాయి.

నివారణ

* రోజుకు సరిపడే ఆహారాన్ని నాలుగైదు భాగాలు చేసి పెట్టాలి.
* వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరచాలి, లేదా ఇడ్లీ రేకు గుంటలలో కొంచెం కొంచెంగా ఉంచాలి.
* రెండు పిల్లులుంటే ఒకదానికొకటి కనిపించకుండా వేరువేరు చోట్ల పెట్టాలి.
* కర్లపాలెం, రేపల్లె వంటి తీరానికి సమీప ప్రాంతాలలో చేప తేలికగా దొరుకుతుంది. పిల్లికి చేప పెట్టేటప్పుడు ఉడికించి, ముళ్ళు పూర్తిగా తీసివేయాలి. ఆత్రంగా మింగితే ముల్లు గొంతులో గుచ్చుకోవచ్చు.

జాగ్రత్తలు

తెనాలి రామకృష్ణుని కథలలో, వేడి పాలకు నోరు కాలిన పిల్లి ఆపై పాలగిన్నెను చూస్తేనే పారిపోతుంది. నవ్వించే ఈ కథలో ఒక హెచ్చరిక ఉన్నది. బెదిరిన పిల్లి నిదానంగా తినదు, తినడమే మానివేయవచ్చు. పస్తు పిల్లికి ప్రమాదకరం. కొన్ని రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుపాటి పిల్లులలో, కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం కలుగవచ్చు. కనుక పిల్లి ఒక రోజుకు మించి తినకపోయినా, తరచుగా కక్కుతున్నా, బరువు తగ్గుతున్నా పశువైద్యునికి చూపించాలి.

ఇవి కూడా చూడండి

* పిల్లి
* తెనాలి రామకృష్ణుడు