అమెరికన్ టెలివిజన్ హాస్యంలో గంజాయి: చిత్రణ, ప్రజాభిప్రాయం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

అమెరికా సమాఖ్య చట్టం 1970లో గంజాయిని అత్యంత కఠినమైన నియంత్రణ గల పదార్థాల జాబితాలో చేర్చింది. ఆ తర్వాతి నాలుగు దశాబ్దాలలో అక్కడి టెలివిజన్ హాస్య ధారావాహికలు అదే గంజాయిని ఇంటిల్లిపాదీ నవ్వుకునే విషయంగా మార్చాయి. ఈ మార్పు ఏయే దశల్లో జరిగింది, ప్రజాభిప్రాయంతో దానికి గల సంబంధం ఏమిటి, ఆ నవ్వు ఎవరిని క్షమించింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: అమెరికన్ టెలివిజన్, హాస్య ధారావాహిక, గంజాయి, ప్రజాభిప్రాయం, వర్ణవివక్ష.

1. ఉపోద్ఘాతం

1952లో అమలులోకి వచ్చిన అమెరికా జాతీయ ప్రసారకర్తల సంఘపు టెలివిజన్ నియమావళి, మాదకద్రవ్యాల అలవాటును దుర్వ్యసనంగా తప్ప మరో రీతిలో చూపరాదని నిర్దేశించింది. 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం గంజాయిని హెరాయిన్‌తో పాటు ఒకటో షెడ్యూలులో ఉంచింది. 1969లో గాలప్ సంస్థ తొలిసారి ప్రశ్నించినప్పుడు గంజాయిని చట్టబద్ధం చేయాలన్నవారు 12 శాతం మాత్రమే. 2023లో అదే సంస్థ సర్వేలో వారు 70 శాతానికి చేరారు.

ఈ మార్పును హాస్య ధారావాహికల ప్రభావంగా వివరించడం సులభం. అయితే ఆ కార్యక్రమాలను కాలక్రమంలో పరిశీలిస్తే సంబంధం అంత సూటిగా కనిపించదు. గంజాయి సేవించిన పాత్రను ప్రేక్షకుడు నవ్వుతూ స్వీకరించడానికి ఆ ధారావాహికలు ప్రతి దశలోనూ ఏదో ఒక సాకును సమకూర్చాయి. ఆ సాకులు మారిన క్రమమే ఈ పరిశీలనకు ఆధారం.

2. తెలియక తిన్నవారు

మొదటి సాకు అజ్ఞానం. 1976 డిసెంబరులో ఏబీసీ ప్రసారం చేసిన 'బార్నీ మిల్లర్' భాగంలో న్యూయార్క్ పోలీసు స్టేషనులోని డిటెక్టివులు హషీష్ కలిపిన బ్రౌనీలను సంగతి తెలియక తింటారు. చట్టాన్ని అమలు చేయవలసినవారే మత్తులో పడటం అక్కడి హాస్యం. వారు కోరి తినలేదు కనుక వారి పట్ల ప్రేక్షకుడి గౌరవం తగ్గదు.

'టాక్సీ' (1978–83) ధారావాహికలోని జిమ్ ఇగ్నటోవ్‌స్కీ ఇందుకు భిన్నమైన పాత్ర. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో శ్రద్ధగా చదువుకునే యువకుడి పతనం ఒక్క బ్రౌనీతో మొదలైందని 1982 నాటి కథాభాగం చూపింది. జిమ్ ప్రేక్షకులకు ఆప్తుడే అయినా, అతని చెదిరిన మనసే నవ్వుకు మూలం. కనుక ఈ హాస్యం హెచ్చరికను విడిచిపెట్టలేదు. 1983లో దేశాధ్యక్షుని భార్య నాన్సీ రీగన్ 'డిఫరెంట్ స్ట్రోక్స్'లో తన సొంత పాత్రలోనే కనిపించి పిల్లలకు మాదకద్రవ్యాల గురించి హితవు చెప్పారు. 1977లో 28 శాతం ఉన్న మద్దతు 1985 నాటికి 23 శాతానికి తగ్గింది.

3. జ్ఞాపకం, అనారోగ్యం

యౌవనంలో గంజాయి రుచి చూశాను గానీ పొగ లోపలికి పీల్చలేదని 1992 ఎన్నికల ప్రచారంలో బిల్ క్లింటన్ చెప్పారు. నడివయసు మనిషి గతం అప్పటికి బహిరంగ చర్చకు వచ్చింది. 1993లో 'రోజాన్' ధారావాహిక దీన్నే కార్మిక కుటుంబంలోకి తెచ్చింది. ఇంట్లో దొరికిన గంజాయి పొట్లానికి రోజాన్, డాన్ దంపతులు ముందు ఒక యువకుణ్ణి నిందిస్తారు. తీరా అది ఇరవై ఏళ్ల కిందట తాము దాచుకున్నదేనని తెలుస్తుంది. ఇక్కడ సాకు జ్ఞాపకం. పిల్లలకు బుద్ధి చెప్పవలసిన తల్లిదండ్రుల ఇరకాటమే కథకు ప్రాణం.

1997 నవంబరులో 'మర్ఫీ బ్రౌన్' అనారోగ్యాన్ని ముందుకు తెచ్చింది. రొమ్ము క్యాన్సరు చికిత్సతో వాంతులకు లోనైన కథానాయిక ఉపశమనం కోసం గంజాయిని ఆశ్రయిస్తుంది. సమాఖ్య మాదకద్రవ్య నిరోధక సంస్థ అధిపతి థామస్ కాన్‌స్టాంటైన్ ఈ చిత్రణను బహిరంగంగా ఆక్షేపించారు. అయితే కాలిఫోర్నియా ఓటర్లు వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించినది 1996 నవంబరులో. అంటే ధారావాహిక కంటే ఒక సంవత్సరం ముందే ప్రజలు ఆ మాట చెప్పారు.

4. ప్రభుత్వ ప్రమేయం

ఈ చిత్రణను ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు. 1997లో కాంగ్రెస్ ఆమోదించిన ప్రచార పథకం కింద, ప్రభుత్వం కొన్న ప్రకటన సమయానికి సమానమైన సమయాన్ని టెలివిజన్ సంస్థలు ఉచితంగా ఇవ్వవలసి ఉంది. తమ కథల్లో మాదకద్రవ్య వ్యతిరేక సందేశం ఉంటే ఆ బాధ్యతలో కొంత మినహాయింపు లభించేది. 2000 జనవరిలో సలాన్ పత్రిక ఈ ఏర్పాటును బయటపెట్టింది. ఆ వ్యవహారంలో ప్రస్తావనకు వచ్చినవాటిలో 'ది డ్రూ కేరీ షో' అనే హాస్య ధారావాహిక కూడా ఉంది. అదే ఏడాది డిసెంబరులో సమాఖ్య కమ్యూనికేషన్ల సంఘం, ఇలాంటి ప్రాయోజకత్వాన్ని ప్రేక్షకులకు వెల్లడించాలని తేల్చింది. హాస్యానికి అభిప్రాయాలను మలిచే శక్తి ఉందని ప్రభుత్వం ఎంతగా నమ్మిందో ఈ ఉదంతం తెలుపుతుంది. ఆ నమ్మకం నిజమో కాదో మాత్రం దీనివల్ల రుజువు కాదు.

5. పొగ నుంచి వ్యాపారానికి

ఫాక్స్‌లో 1998 నుంచి 2006 వరకు సాగిన 'దట్ సెవెంటీస్ షో' కొత్త పద్ధతిని కనిపెట్టింది. విస్కాన్సిన్‌లోని ఒక ఇంటి నేలమాళిగలో యువతీయువకులు గుండ్రంగా కూర్చుంటారు. కెమెరా మధ్యలో ఉండి ఒక్కొక్కరి ముఖం వైపు తిరుగుతుంది. చుట్టూ పొగ కమ్ముకుంటుంది, అర్థం లేని మాటలకు అందరూ నవ్వుతారు. గంజాయి మాత్రం తెరపై కనిపించదు. గడిచిపోయిన దశాబ్దమన్న ముసుగు, కనిపించని వస్తువు అనే రెండు ఏర్పాట్లు రచయితలకు రక్షణ కల్పించాయి. చూడనిదాన్ని గ్రహించగలిగిన ప్రేక్షకుడు ఆ వలయంలో తానూ ఒకడయ్యాడు.

2005లో షోటైమ్ ఛానెల్‌లో మొదలైన 'వీడ్స్' ఆ ముసుగునూ తొలగించింది. భర్తను కోల్పోయిన నాన్సీ బాట్విన్ సంపన్న శివారులో తన హోదాను నిలుపుకోవడానికి గంజాయి అమ్ముతుంది. ఇప్పుడు సాకు జీవనోపాధి. 2017లో నెట్‌ఫ్లిక్స్ 'డిస్‌జాయింటెడ్' గంజాయి దుకాణాన్నే కథాస్థలం చేసుకునే నాటికి కాలిఫోర్నియాలో వినోదార్థ వినియోగానికి ఓటర్ల ఆమోదం లభించి ఉంది. సాకు అవసరమే లేకపోయింది.

6. నవ్వు, ప్రజాభిప్రాయం

టెలివిజన్‌లో పదేపదే కనిపించే దృశ్యాలు ప్రేక్షకుని లోకజ్ఞానాన్ని నెమ్మదిగా రూపొందిస్తాయని జార్జ్ గెర్బ్‌నర్ ప్రతిపాదించారు. గాలప్ సర్వేలలో మద్దతు 2000లో 31 శాతానికి, 2013లో 58 శాతానికి పెరగడం ఈ ప్రతిపాదనకు అనుకూలంగానే కనిపిస్తుంది. అయితే ఆ కాలంలోనే వైద్య గంజాయి చట్టాలు అనేక రాష్ట్రాలకు విస్తరించాయి, కొత్త తరం ఓటర్లు వచ్చారు. పైగా అనుకూల భావం ఉన్నవారే అలాంటి ధారావాహికలను ఎంచుకొని చూసే అవకాశమూ ఉంది. అందువల్ల హాస్యం అభిప్రాయాన్ని పుట్టించిందనడం కంటే, అప్పటికే కదులుతున్న అభిప్రాయానికి పరిచితమైన ముఖాలను ఇచ్చిందనడం సమంజసం. గంజాయి సేవించేవాడు నేరస్థుడన్న ఊహ స్థానంలో పొరుగింటివాడు, తల్లి, రోగి వచ్చి చేరారు.

7. క్షమకు నోచుకున్నవారు

ఆ ముఖాలు ఎవరివి అన్నదే ఇక్కడ కీలకమైన ప్రశ్న. రోజాన్, మర్ఫీ, ఎరిక్ ఫోర్‌మన్, నాన్సీ అందరూ శ్వేతజాతీయులు. 'వీడ్స్' తొలి భాగాలలో నాన్సీకి సరుకు సమకూర్చేది హైలియా జేమ్స్ అనే నల్లజాతి మహిళ. నాన్సీకి అది సాహసం, హైలియాకు అది వృత్తి. కథకు కేంద్రం మాత్రం నాన్సీయే.

వీధిలో పరిస్థితి వేరు. అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ 2013 నివేదిక ప్రకారం 2001–2010 మధ్య గంజాయి కేసులలో 80 లక్షలకు పైగా అరెస్టులు జరిగాయి. వాటిలో 88 శాతం కేవలం దగ్గర ఉంచుకున్నందుకే. శ్వేతజాతీయులు, నల్లజాతీయులు దాదాపు సమానంగానే గంజాయి వాడుతున్నా, 2010లో నల్లజాతీయులు అరెస్టయ్యే అవకాశం 3.73 రెట్లు ఎక్కువ. 'దట్ సెవెంటీస్ షో' నేలమాళిగలో నవ్వులు వినిపించిన సంవత్సరాలూ ఈ అరెస్టులు సాగిన సంవత్సరాలూ చాలావరకు ఒకటే.

8. ముగింపు

అజ్ఞానం, జ్ఞాపకం, అనారోగ్యం, జీవనోపాధి అనే సాకులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, చివరకు సాకే అక్కరలేని స్థితి ఏర్పడింది. అమెరికన్ టెలివిజన్ హాస్యం భయాన్ని తగ్గించింది. కానీ చట్టం ఎవరి మీద ఎలా పనిచేస్తున్నదో చూపే బాధ్యతను అది చాలావరకు తీసుకోలేదు. అక్కడ స్థిరపడిన విదేశీయులకు ఈ అంతరం నేటికీ ముఖ్యమే. రాష్ట్ర చట్టం అనుమతించినా, గంజాయికి సంబంధించిన చర్యలు పౌరసత్వం కోరేవారి సచ్ఛీలతా నిరూపణకు అడ్డు కావచ్చని 2019 ఏప్రిల్‌లో వలస సేవల సంస్థ స్పష్టం చేసింది. పౌరసత్వానికి దరఖాస్తు చేసే తెలుగువారికీ ఈ నిబంధన వర్తిస్తుంది. కనుక తెరమీది హాస్యం ఎంత సహజంగా కనిపించినా దాన్ని చట్టస్థితికి ప్రతిబింబంగా భావించలేము. ప్రసారమాధ్యమాల చరిత్రను అధ్యయనం చేసేవారు ఒక సమాజం దేన్ని చూసి నవ్వింది అన్నదానితో పాటు, ఎవరిని చూసి నవ్వుతూ క్షమించింది, ఎవరిని కథలోకే రానివ్వలేదు అన్నదీ నమోదు చేయవలసి ఉంది.