పంటూ పడవా ఒకటేనా?

రారా మనవడా, నెగడు దగ్గరికి పీట లాక్కుని కూచో. ఇంకో కొబ్బరి డొక్క వెయ్యి. పచ్చిది కాదురా, పొగొస్తుంది, ఎండింది చూసి వెయ్యి. నీ కథలో పేరా కొట్టేశారని రెండ్రోజులుగా అన్నం దగ్గర మూతి ముడుచుకున్నావని మీ మామ్మ చెప్పింది. కాకిపిల్ల కాకికి ముద్దు, కాదనను. నీ ఈడులో నేనూ ముడిచాను, పదకొండు రోజులు.

1978 మాట. అప్పటికి చించినాడ వంతెన లేదు. మన రాజోలు వైపు నుంచి నరసాపురం వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాల్సిందే. ఆ రేవు మీద కథ రాశాను. నువ్వు ఫోన్లో వేలు నొక్కితే కథ వెళ్లిపోతోంది గానీ, అప్పుడదొక తంతు. ఠావు కాగితానికి ఒకవైపే రాయాలి. ఎడంపక్క బెత్తెడు ఖాళీ వదలాలి. ఇది నా సొంతం, అనువాదం కాదు, అనుసరణ కాదు, ఇంకో పత్రిక పరిశీలనలో లేదు అని హామీపత్రం రాసి సంతకం పెట్టాలి. తిరుగు టపాకి మన పేరు మనమే రాసి, స్టాంపులంటించి, కవరు జతచెయ్యాలి. 15 పైసల కార్డొస్తే కథ తీసుకున్నట్టు, లావుపాటి కవరొస్తే తిరిగొచ్చినట్టు. ఆ సంగతి పోస్ట్‌మేన్‌కి మనకంటే ముందే తెలిసిపోయేది, అతని ద్వారా వీధికంతటికీ.

నాకు లావు కవరే వచ్చింది. చాలా పత్రికలు ‘ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం’ అని అచ్చు చీటీ పెట్టేసేవి. ఇందులో సంపాదకుడు చేత్తో రాసిన కాగితం ఉంది. ‘మీ కథ నాలుగో పేజీలో మొదలైంది. ముందు మూడు పేజీల గోదావరి బాగానే ఉంది గానీ, రేవులో బండి ఆగిపోయి ఉంది. చూసి మళ్లీ పంపండి.’ ఇంతే.

ఒళ్లు మండిపోయింది. సూర్యోదయం రాయడానికి నాలుగు తెల్లవారుజాములు గట్టు మీద కూచున్నవాణ్ని! పన్నెండో రోజున అరుగు మీద మా అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే పైకి చదివాను. మొదటి పేజీ, రెండోది, మూడోది. ఆవిడ వేళ్లు ఆగలేదు, ఒక్కో రాయీ టక్కున గుమ్మం అవతల పడుతోంది. నాలుగో పేజీలో ఎడ్లు పంటు బల్ల మీద కాలు పెట్టడానికి మొరాయించిన చోట చెయ్యి చేటలోనే ఆగిపోయింది. ‘ఎక్కాయా మరి?’ అంది. ఆ రాత్రే మూడు పేజీలూ తీసేశాను.

అలా ఓపిగ్గా రాసే సంపాదకులు ఉండేవారురా. పత్రిక పెట్టడమంటేనే ఓపిక. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, ఆ రాబడితో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రిక మొదలెట్టారు. 1914లో మద్రాసులో దినపత్రిక, 1924లో భారతి. తలనొప్పి మందు తెలుగు సాహిత్యాన్ని పోషించిందంటే నమ్ముతావా? ఆ పసుప్పచ్చ సీసా మీ మామ్మ తలగడ కింద ఇప్పటికీ… సరే, ఎక్కడున్నాం? రేవులో. ఒక్కమాట చెప్పి వచ్చేస్తా. రాజమండ్రిలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు కథలు రాస్తూనే ప్రబుద్ధాంధ్ర నడిపారు. ఆంధ్రజ్యోతి వీక్లీ చూసిన పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు పురాణం సీత పేరుతో ఇల్లాలి ముచ్చట్లు రాశారు. తను రాసినవాడికి ఎదుటివాడి రాత మీద కలం పెట్టేప్పుడు నొప్పి తెలుస్తుంది.

మళ్లీ పంపిన నా కథ అచ్చయింది. పాతిక రూపాయల మనియార్డరూ వచ్చింది. తీరా చూస్తే పంటు అన్నచోటల్లా పడవ అని దిద్దేశారు! రేవులో జనం పట్టుకున్నారు నన్ను. ‘పడవలోకి ఎడ్లబండి ఎలా ఎక్కిందండీ, ఆయ్?’ మొదట కోపంగా రాసిన కార్డు చింపేశాను. రెండో కార్డులో, రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిస్తే పంటు అవుతుందని, బండ్లూ లారీలూ దాటేది దాని మీదేనని, మూల కాస్త బొమ్మ కూడా గీసి పంపాను. వారంలో జవాబు. ‘తప్పు నాది. మా ఊరికి నది లేదు. ఇకమీదట మీ మాట తెలియకపోతే అడిగే దిద్దుతాను.’

అడిగేవారు కూడా. డొక్క అంటే ఏమిటి, లంక అంటే దీవేనా అని. నేను విడమరిచి రాసేవాణ్ని. ఆయన కొట్టేసినవాటిలో సగానికి పైగా నేను ఒప్పుకున్నాను, నేను పట్టుబట్టినవి కొన్ని ఆయన ఉంచారు. కారణం చెప్పకుండా తిప్పి పంపడం తప్పు. చెప్పిన కారణం చదవకుండా అలగడం అంతకంటే తప్పు. నువ్విప్పుడు చేస్తున్నది రెండోది.

ఆ తర్వాత ఒకసారి ఆయన పనిమీద అమలాపురం వచ్చి, నన్ను వెతుక్కుంటూ వచ్చారు. కాఫీ వద్దన్నారు, ముందు రేవుకి తీసుకెళ్లమన్నారు. పంటు మీద రెండు బండ్లు, ఒక లారీ, చేపల తట్టలతో ఆడవాళ్లు. అవతలి గట్టు చేరేదాకా ఆయన కూచోలేదు, వంగి బల్లల సందులోంచి కింద పడవలు చూస్తూనే ఉన్నారు.

ఏదీ, ఆ కొట్టేసిన పేరా పట్రా. పైకి చదువు. నా మొహం కాదురా, అదుగో మీ మామ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది, ఆవిడ చెయ్యి చూస్తూ చదువు.