జంగ్ ఆగిన ఒక్క రోజు

ఇస్లాంకు ముందు అరబ్ ఖబీలాల మధ్య దుష్మనీ తరాల తరబడి నడిచేది. అయినా జుల్‌ఖాదా, జుల్‌హిజ్జా, మొహర్రం, రజబ్ నెలల్లో కత్తి దూయకూడదన్నది వాళ్ల రివాజు. ఆయుధాల చప్పుడు వినపడదు కాబట్టి రజబ్‌ను 'చెవిటి నెల' అని కూడా పిలిచేవాళ్లు. ఆ నెలల హుర్మత్‌ను ఖురాన్ కూడా నిలబెట్టింది.

1914 డిసెంబర్ 25న ఎవరి హుకుం లేకుండానే ఇలాంటిదే ఒకటి జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం, ఫ్రాన్స్ నేల. బురద కందకాల్లో ఎదురెదురుగా జర్మన్లు, ఇంగ్లీషువాళ్లు. ఇంగ్లీషువాళ్ల తరఫున మన హిందుస్తానీ సిపాయిలూ ఉన్నారు, 39వ గఢ్వాల్ రైఫిల్స్ వాళ్లు. క్రిస్మస్ వాళ్ల పండగ కాదు. అయినా జర్మన్లు పైకొస్తే వీళ్లూ పైకెక్కారు. సిగరెట్లు, పొగాకు పంచుకున్నారు. అదే రోజు ఆ ఫ్రంటులో చాలాచోట్ల, రెండు కందకాల మధ్య దిక్కులేకుండా పడివున్న మయ్యత్‌లకు మట్టి దక్కింది.

పైవాళ్లకు ఇది నచ్చలేదు. పండగకు ముందే, డిసెంబర్ 5న, జనరల్ స్మిత్ డోరియన్ ఇలాంటి పొత్తు వద్దని హెచ్చరించి ఉన్నాడు. మరుసటి ఏడాది ఇంకా గట్టిగా మనా చేశారు. ఎందుకంటే, ఒకసారి ముసాఫహా చేసిన మనిషి మీద తుపాకీ ఎత్తాలంటే చెయ్యి రాదు.

2003 నవంబర్ 26, ఈదుల్ ఫిత్ర్ నాడు సంగతి వేరు. ఆ రోజు నుంచి హిందుస్తాన్, పాకిస్తాన్ సర్కార్లే కశ్మీర్ సరిహద్దులో కాల్పులు ఆపాయి. కొన్నేళ్లు తుపాకులు చాలామటుకు మౌనంగా ఉన్నాయి. కింద సిపాయి ఆపితే ఒక్క రోజు, పైన హుకుం ఇచ్చేవాడు ఆపితే ఏళ్లు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెలవాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. ఫ్యాక్షన్‌లో పగ నాయకుడిది, జనాజా అనుచరుడిది. బేవా అయ్యేది వాడి భార్య, యతీములయ్యేది వాడి పిల్లలు. మొహర్రంలో పీర్ల గుండం చుట్టూ హిందూ ముసల్మాన్ అందరూ కలిసే జిల్లా ఇది. ఉగాది నాడు ముసల్మానులు దేవుని కడప గుడికి పోయే జిల్లా ఇది. కలిసి నిలబడటం మనకు తెలియక కాదు.

గఢ్వాలీ సిపాయికి మరుసటి రోజు తిరిగి కందకంలోకి దిగక తప్పలేదు, పైనుంచి హుకుం ఉంది కాబట్టి. మన పల్లెలో బాంబు పట్టుకోమని పిలిచేవాడికి ఏ సర్కారీ హుకుమూ లేదు. వాడికి 'నేను రాను' అని చెప్పే ఇఖ్తియార్ మన పిల్లలకు ఉంది. ఆ మాట ఇంట్లో అమ్మీ అబ్బా ముందు చెప్పిపెడితే, బయట వాళ్ల నోటికి సులువుగా వస్తుంది.